కళ్ళజోడు తీర్మానం

మా కోనసీమలో ఆ రోజుల్లో ఎవరు ఏ సంఘం పెట్టుకున్నా ముందు మూడు వస్తువులు కొనేవారు: ఒక రబ్బరు స్టాంపు, ఒక గోడగడియారం, ఒక మినిట్స్ పుస్తకం. గడియారం నిలిచిపోయినా సంఘం నడిచేది. స్టాంపు అరిగి పేరులో సగం అక్షరాలు పడకపోయినా నడిచేది. మినిట్స్ పుస్తకాన్ని మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసేవారు. అందులో ఏదో రహస్యం ఉంటుందని నేను చాలా కాలం అనుకున్నాను. తీరా ఆ తాళంచెవి నా చేతికి వచ్చాక చూస్తే, సగం పేజీల్లో సంతకాలు తప్ప ఏమీ లేవు. అలా ఖాళీగా ఉన్నంత కాలం ఆ పుస్తకం వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. దాన్ని నింపాలన్న బుద్ధి నాకు పుట్టింది, మూడు నెలల పాటు సంఘంలో ఇంకో పని జరగలేదు.

1994 సెప్టెంబరు 12, సోమవారం నాడు నేను మా ఊరి కొబ్బరి రైతుల సంఘంలో సెక్రటరీగా చేరాను. ముప్పై నిండడానికి ఇంకా నాలుగు నెలలు ఉంది. ఉద్యోగం తాత్కాలికం. ఖాయం కావాలంటే బోర్డు తీర్మానం చేయాలి, ఆ తీర్మానం ఉన్న మినిట్సును తరువాతి సమావేశంలో చదివి ఆమోదించాలి, ఆమోదించిన పేజీ నకలు మార్చి నెలాఖరులోగా అమలాపురంలోని పై ఆఫీసుకు అందాలి. అందకపోతే పోస్టు ఉండదు. ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఆయన మస్కటులో ఏసీ మెకానిక్కుగా ఉండేవారు. మళ్ళీ రెండేళ్ళకు సంతకం పెడతారో లేదో ఏప్రిల్ 15 లోగా అక్కడి కంపెనీకి చెప్పాలి. నా ఉద్యోగం ఖాయమైతే ఆయన వచ్చేసి ఊరి సెంటర్లో మోటార్ల రిపేరు షాపు పెట్టుకుంటారు, కాకపోతే మళ్ళీ రెండేళ్ళు అక్కడే. మా అమ్మాయికి అప్పటికి నాలుగేళ్ళ రెండు నెలలు. తండ్రిని చూసింది మొత్తం నూట పద్దెనిమిది రోజులు (పాస్‌పోర్టులో ముద్రలు చూసి నేనే లెక్క కట్టాను. ఆయన నూట ఇరవై అన్నారు. వచ్చిన రోజూ వెళ్ళిన రోజూ పూర్తి రోజులు కావని చెప్పాను).

చేరిన వారంలోనే పాత గుమాస్తా గారు నాకు పని అప్పగించారు. ఇరవై రెండేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి, మంచివారు. మినిట్స్ పుస్తకం తెరిచి, ఖాళీ పేజీ అడుగున పెట్టిన సంతకాలు చూపించారు.

"ముందు సంతకాలు పెట్టించేసుకోమ్మా. టీ తాగేక ఒక్కరూ నిలవరు. రాత ఇంటికెళ్ళి తీరిగ్గా రాసుకోవచ్చు."

"ఏం జరుగుతుందో తెలియకుండా సంతకం ఎలా పెడతారండీ?"

"తెలిస్తే అసలు పెట్టరమ్మా" అన్నారాయన. తరువాత కళ్ళు మూసుకుని, ఇరవై రెండేళ్ళ అనుభవాన్ని ఒక్క ముక్కలో చెప్పారు: "మినిట్స్ అంటే జరిగింది కాదు. జరగాల్సింది."

నేను ఆ మాట ఒప్పుకోలేదు. పేజీలన్నిటికీ నంబర్లు వేశాను (1 నుంచి 192). ఒక స్కేలు, రెండు నీలం పెన్నులు కొన్నాను. మా ఆయన పంపిన చేతిగడియారం బల్ల మీద పెట్టుకుని, ఎవరు ఏ సమయానికి ఏమన్నారో అన్నది అన్నట్టు రాయడం మొదలుపెట్టాను. రాత పూర్తయ్యాకే సంతకాలు. మొదటి మూడు నెలలూ సమావేశాల్లో ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు కాబట్టి అంతా సవ్యంగానే సాగింది. నా పద్ధతి ఎంత గొప్పదో అని నాకు నేనే అనుకున్నాను కూడా.

డిసెంబరు 10న సమావేశం. పదిన్నరకి మొదలవ్వాలి, పదీ ముప్పై అయిదుకి మొదలైంది. డైరెక్టర్లు ఏడుగురూ వచ్చారు. వాళ్ళలో మీకు ముగ్గురు తెలిస్తే చాలు. ఒకరు ప్రెసిడెంటు గారు. సంఘం ఆఫీసు ఆయన ఇంటి పక్క గదే. వాళ్ళావిడ వంటింటి కిటికీ మా ఆఫీసు గోడకు ఎదురుగా ఉండేది, ప్రతి సమావేశానికి టీ కెటిల్ అక్కడి నుంచే వచ్చేది. రెండోవారు దింపు బాబాయి గారు. చెట్టెక్కించి కాయలు దింపించడం తప్ప ఇంకో విషయం మాట్లాడరు కనుక ఊళ్ళో ఆయనకు ఆ పేరు. ప్రెసిడెంటు గారికి వరసకు బావమరిది. మూడోవారు కునుకు మావయ్య గారు. ఆయన సమావేశంలో కూర్చోగానే కళ్ళు మూసుకుంటారు, ఎవరు ఏమన్నా కళ్ళు తెరవకుండా "ఆయ్" అంటారు.

మొదటి అంశం, సంఘం కొనే కాయ ఎంత సైజు ఉండాలన్నది. చిన్న కాయలు వద్దని ప్రెసిడెంటు గారు, ఆ ఏడు వానలు లేవు కాబట్టి చూసీ చూడనట్టు పోవాలని బాబాయి గారు. కాసేపు మర్యాదగానే నడిచింది. పదకొండూ ఇరవైకి ప్రెసిడెంటు గారు నవ్వుతూ అన్నారు:

"బావగారూ, మొన్న మీరు పంపిన కాయలు చూసి మా ఆవిడ నిమ్మకాయలనుకుందండి. ఊరగాయకని ఉప్పు కూడా తీసింది."

"ఆయ్. అయితే తప్పు కాయలది కాదండి" అన్నారు బాబాయి గారు. "చెల్లెమ్మకి కళ్ళజోడు వేయించండి. కావాలంటే తీర్మానం చేద్దాం. రాసుకోమ్మా."

అందరూ నవ్వారు. కునుకు మావయ్య గారు "ఆయ్" అన్నారు. రాసుకోమన్నారు కనుక నేను రాసుకున్నాను. మూడో అంశం నా ఉద్యోగం. ఖాయం చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పన్నెండూ అయిదుకి సమావేశం ముగిసింది, పెన్నుకు మూత పెట్టాను. ఆ తరువాత అందరూ వరండాలోకి వెళ్ళి ఎప్పటిలాగే కొబ్బరి బొండాలు తాగారు. ప్రెసిడెంటు గారే ఒక బొండం కొట్టి బాబాయి గారి చేతికి ఇవ్వడం నేను చూశాను. మూత పెట్టాక జరిగింది కాబట్టి దాన్ని పట్టించుకోలేదు.

డిసెంబరు మినిట్సులో రెండో అంశం నా చేతిరాతలో ఇలా ఉంది: "అధ్యక్షుల వారి శ్రీమతి గారికి కళ్ళజోడు వేయించవలెనని ఒక డైరెక్టరు గారు ప్రతిపాదించిరి. బలపరచువారు లేనందున ప్రతిపాదన వీగిపోయినది." (మావయ్య గారి "ఆయ్"ని బలపరచడంగా తీసుకోవాలా అని పావుగంట ఆలోచించాను. కళ్ళు మూసుకుని ఉన్నారు కనుక కాదని నిర్ణయించుకున్నాను.) ప్రతిపాదించిన వారి పేరు కూడా రాశాను, ఇక్కడ రాయడం లేదు. అంశం కింద అందరి సంతకాలూ ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు చదవకుండా సంతకాలు పెట్టిన చేతులు, ఒక్కరూ చదవలేదు.

జనవరి 10న చదివి వినిపించాను. చిన్నప్పుడు బడిలో వాచకం చదవడంలో నాకు మొదటి బహుమతి వచ్చింది, గొంతు దూరానికి కూడా స్పష్టంగా వినపడుతుంది. "వీగిపోయినది" అన్న మాట దగ్గర ఆగి తలెత్తాను. ఎదురుగా వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పదకొండూ పదికి రావలసిన కెటిల్ రాలేదు.

"అది తీర్మానం కాదమ్మా, సరదాకి అన్నాను" అన్నారు బాబాయి గారు ముందుగా.

"రాసుకోమన్నారండి."

"రాసుకోమంటే రాసేసుకోడమేనా? ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?"

"విన్నారు లెండి" అన్నారు ప్రెసిడెంటు గారు, కిటికీ వైపు చూడకుండా. "అయితే మీరు అనలేదంటారా బావగారూ?"

"అన్నానండి. సరదాకి అన్నానని రాస్తే ఒప్పుకుంటాను."

"మీరు అన్నారని ఒప్పుకుంటే నేను ఆమోదిస్తాను. సరదాలూ గిరదాలూ అక్కర్లేదు. ఇంట్లో మాట పడేది నేను కదండీ."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ క్షణంలో నేను "సరదాగా" అన్న ఒక్క మాట చేర్చి ఉంటే అంతా అయిపోయేది. నా ఉద్యోగం ఖాయమయ్యేది, మా ఆయన ఉగాదికల్లా సూట్‌కేసు సర్దుకునేవారు. నేనేమన్నానంటే, "తమరు సరదాకి అంటున్నట్టు అప్పుడు చెప్పలేదండి. చెప్పనిది ఎలా రాస్తాను?" అని. ముప్పై ఏళ్ళ వయసులో మనిషి తన కాలి కింద తనే ఎంత శ్రద్ధగా గొయ్యి తవ్వుకోగలదో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. కొట్టివేద్దామంటే కొట్టివేత పక్కన ప్రెసిడెంటు గారు సంతకం పెట్టాలి, మా ఆవిడ గురించి ఏదో కొట్టేసేనని పై ఆఫీసు వాళ్ళు అనుకుంటారని ఆయన పెట్టనన్నారు. ఆమోదం వాయిదా పడింది. ఈ సంవాదమంతా నేను ఆ నెల మినిట్సులో రాశాను.

ఫిబ్రవరి 10న ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించవచ్చు. డిసెంబరుది మళ్ళీ చదివాను, దాని మీద జనవరిలో జరిగిన వాదన చదివాను, ఆ వాదనలో తను ఫలానా మాట అనలేదని ఒకరు, అన్నారని ఇంకొకరు. చదవడానికే నలభై నిమిషాలు పట్టింది. "కళ్ళజోడు" అన్న మాట డిసెంబరులో ఒక్కసారి, జనవరిలో తొమ్మిదిసార్లు, ఫిబ్రవరి మినిట్సులో ఇరవై మూడుసార్లు వచ్చింది. కాయ సైజు సంగతి ఎవరికీ గుర్తు లేదు. టీ లేదు. వరండాలో బొండాలు మాత్రం ఎప్పటిలాగే కొట్టారు, బావా బావమరుదులు పక్కపక్కనే నిలబడి తాగి, వచ్చే నెల మళ్ళీ పోట్లాడుకోవడానికి సిద్ధమై ఎవరింటికి వారు వెళ్ళారు.

పాత గుమాస్తా గారు నన్ను దారిలో ఆపి సలహా ఇచ్చారు. "ఆ పేజీ మీద కాస్త సిరా ఒలికించమ్మా. అన్నీ సర్దుకుంటాయి."

"ఒలికిందని మళ్ళీ మినిట్సులో రాయాలి కదండీ."

ఆయన నన్ను చాలాసేపు జాలిగా చూసి సైకిలెక్కి వెళ్ళిపోయారు.

మా ఆయనకు రాసిన ఉత్తరాల నకళ్ళు నా దగ్గర ఉన్నాయి. డిసెంబరు 12 నాటి దాంట్లో "తీర్మానం జరిగినది, ఇంకా ఆమోదం కాలేదు" అని రాశాను. ఖాయమైంది, వచ్చేయండి అని ఎందుకు రాయలేదని మా అమ్మ అడిగింది. ఆమోదం కాని మాట ఉత్తరంలో ఎలా రాస్తానని అడిగాను. జనవరి ఉత్తరంలోనూ అదే వాక్యం, ఫిబ్రవరి ఉత్తరంలోనూ అదే. ఆయన జవాబు ఫిబ్రవరి 27న అందింది. "పెళ్ళిచూపుల్లో నేను నచ్చేనని చెప్పేవు కదా. దాన్ని ఆ తరవాత ఎప్పుడన్నా చదివి ఆమోదించేవా, లేక అది కూడా వాయిదాలోనే ఉందా?" అని రాశారు. కింద ఇంకో వాక్యం ఉంది: "కంపెనీ వాళ్ళు మళ్ళీ అడిగేరు." ఆ వాక్యంలో హాస్యం లేదు. మా అమ్మాయి అయితే సాయంత్రం నేను ఇంటికి రాగానే నాన్న ఎప్పుడొస్తారని అడగడం మానేసి, "ఆమోదించేరా అమ్మా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆ మాటకు అర్థం దానికి తెలియదు. అది జరిగితే నాన్న వస్తాడని మాత్రం తెలుసు.

మార్చి 8న ప్రెసిడెంటు గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు.

"అమ్మా, నీ ఉద్యోగం కూడా ఆ పేజీలోనే ఉంది. తెలుసు కదా."

"తెలుసండి."

"ఎల్లుండి కూడా అవ్వకపోతే ఇక ఈ నెలలో సమావేశం లేదు. బావగారు చెప్పినట్టు ఆ ఒక్క ముక్కా రాసెయ్యి. నేను ఒప్పేసుకుంటాను. ఇంటో టీ కూడా దొరకట్లేదమ్మా."

అలాగేనండి అన్నాను. ఆయన వెళ్ళాక పుస్తకం తెరిచి, పెన్ను మూత తీశాను. "ప్రతిపాదించిరి" అన్న మాటకు ముందు "సరదాగా" పట్టేంత జాగా ఉంది. మా అమ్మాయి నా మోచేతి మీద గడ్డం ఆనించి చూస్తోంది. రెండు నిమిషాలు అలాగే కూర్చుని మూత పెట్టేశాను. ఎందుకు రాయలేకపోయానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నిజాయితీ అనుకుంటే నాకు గొప్పగా ఉంటుంది కానీ, మొండితనం కూడా సగం ఉండి ఉంటుంది.

మార్చి 10, శుక్రవారం. పదీ ముప్పై రెండుకి మొదలైంది. నేను డిసెంబరు మినిట్సు చదవబోతుంటే గుమ్మంలో కెటిల్ కనిపించింది, దాని వెనక ప్రెసిడెంటు గారి ఆవిడ. ఆవిడ ముక్కు మీద నల్ల ఫ్రేము కళ్ళజోడు ఉంది. గదిలో అందరూ చూశారు. ప్రెసిడెంటు గారి ముఖం చూస్తే, ఆయన కూడా అదే మొదటిసారి చూస్తున్నారని తెలిసిపోయింది.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వమ్మా. నా గురించి ఏం రాసేవో నేనే చదువుకుంటాను" అన్నారావిడ.

సభ్యులు కాని వారికి పుస్తకం చూపించవచ్చా అని నాకు సందేహం వచ్చింది. ఆవిడ చెయ్యి చాపి ఉంది. ఇచ్చాను. నా కుర్చీలోనే కూర్చుని మూడు నెలలవీ మొదటి నుంచి చదివారు. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. చివరికి ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏవండీ, ఇందులో అబద్ధం ఏముందండి?"

ఆవిడే డిసెంబరు పేజీ మళ్ళీ తిప్పి రెండో అంశం మీద వేలు పెట్టారు.

"అన్నయ్య గారు వేయించమన్నారు. ఏడుగురు కూర్చున్నారు. ఒక్కరికీ బలపరచాలనిపించలేదా? కట్టుకున్నాయన కూడా నోరెత్తలేదన్నమాట."

"నేను అధ్యక్షుణ్ణి కదే. బలపరచకూడదు" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఇంట్లో కూడానా?"

దింపు బాబాయి గారు నవ్వాపుకోవడానికి కిందికి చూస్తున్నారు. ఆవిడ ఆయన వైపు తిరిగారు. "మీరూ నవ్వకండి అన్నయ్య గారూ. జనవరిలో కిటికీలోంచి విని నాకు ఒళ్ళు మండిపోయింది. నా కళ్ళు బావున్నాయని డాక్టరు గారి చేత చీటీ రాయించుకొచ్చి ఈ పుస్తకంలో అంటించాలని అమలాపురం వెళ్ళేను. గోడ మీద అక్షరాలు చదవమన్నారు. మూడో వరస దగ్గరే ఆపేసేరు." ముక్కు మీద కళ్ళజోడు సర్దుకున్నారు. "కళ్ళజోడు వచ్చి నాలుగు రోజులైంది. బియ్యం డబ్బాలో పెట్టేను. నిన్న మీ కాయలు కూడా పెట్టుకుని చూసేను. నిమ్మకాయలు కాదు. బత్తాయిలంత ఉన్నాయి."

అప్పుడు నవ్వారు అందరూ, బాబాయి గారితో సహా. నాకు నవ్వు రాలేదు, టైము రాసుకుంటున్నాను. ఆవిడ నన్ను చూశారు.

"గొడవ రాసేవు. అది అయ్యేక ఈయన బొండం కొట్టి అన్నయ్య గారి చేతికిచ్చేరు. నెల నెలా ఇస్తూనే ఉన్నారు. అది రాయలేదేమమ్మా?"

"సమావేశం పన్నెండూ అయిదుకే ముగిసిందండి. బొండం పన్నెండూ పదికి ఇచ్చేరు."

"అయితే బొండాలు తాగేదాకా ముగించకండి" అన్నారావిడ.

అప్పుడు కునుకు మావయ్య గారు, నేను చేరిన ఆరు నెలల్లో మొట్టమొదటిసారి, కళ్ళు తెరిచారు. "బలపరుస్తున్నానండి" అన్నారు.

పుస్తకం వరండాలోకి తీసుకెళ్ళాం. బొండాలు కొట్టారు. అందరూ తలో మాటా అంటూ తాగుతుంటే నేను మెట్టు మీద కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "పై మినిట్సు చదివిన మీదట సభ ఏకగ్రీవంగా ఆమోదించినది" అని రాశాను (ప్రెసిడెంటు గారి ఆవిడ పేరు ప్రత్యేక ఆహ్వానితులు అన్న శీర్షిక కింద వేశాను). మూడు నెలల పాటు తెమలనిది నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ప్రెసిడెంటు గారు తడి చేత్తోనే సంతకం పెట్టారు. బాబాయి గారు నా చేతికి కూడా ఒక బొండం ఇచ్చి, "ఇది కూడా రాసుకోమ్మా" అన్నారు. రాసుకున్నాను. పన్నెండూ ఇరవైకి సమావేశం ముగిసింది. ఆ రోజు సాయంత్రం మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు అవునని చెప్పగలిగాను.

నకలు తీసి, అడుగున "అసలు ప్రతితో సరిచూడడమైనది, సరిగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టి, మార్చి 13న అమలాపురంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఉద్యోగం ఖాయం చేసిన కాగితం 27న వచ్చింది. అదే రోజు అమలాపురం వెళ్ళి ఐ.ఎస్.డి. బూతు నుంచి మస్కటుకు ఫోను చేశాను. "ఆమోదించేరండి" అన్నాను. ఆయన, "ఎవరు బలపరిచేరు?" అని అడిగారు. మొత్తం ఒక నిమిషం యాభై సెకన్లు మాట్లాడుకున్నాం. జూన్ 4, ఆదివారం నాడు ఆయన ఇంటికి వచ్చారు.

మా సంఘంలో సమావేశం బొండాల తరువాతే ముగియడం ఆ రోజు నుంచి పద్ధతైంది. ప్రెసిడెంటు గారు 2003లో పోయారు. 2009లో సంఘానికి కంప్యూటరు వచ్చింది. పాత పుస్తకాలన్నిటికీ జాబితా తయారు చేయమన్నారు కనుక నేను ఒక్కొక్క పేజీ తిప్పుతూ కూర్చున్నాను. 41వ పేజీ దగ్గర ఆగిపోయాను. ఆమోదం వాక్యం ఉంది, ప్రెసిడెంటు గారి సంతకం ఉంది, సంతకం మీద బొండం నీళ్ళు పడిన మరక ఉంది. దాని కింద వేయవలసిన తేదీ లేదు. తేదీ వేయవలసింది నేనే. నకలులో వేశాను, అది నాకు స్పష్టంగా గుర్తుంది. అంటే అసలులో లేనిది నకలులో రాసి, సరిచూశానని, సరిగా ఉందని నా చేత్తో సంతకం పెట్టాను. నా ఉద్యోగం ఖాయమైంది ఆ కాగితం మీదే. "సరదాగా" అన్న ఒక్క మాట చేర్చనని మూడు నెలలు అందరినీ ఏడిపించిన మనిషిని నేను.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన షాపు కట్టేసి అప్పుడే వచ్చారు, చేతులకు గ్రీజు ఉంది. అంతా విని, "అయితే పద్నాలుగేళ్ళ నించీ నేను ఆమోదం లేకుండానే ఇక్కడుంటున్నానన్నమాట" అన్నారు. చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు.

మర్నాడు మళ్ళీ ఆ పేజీ తెరిచాను. తేదీ నాకు తెలుసు, వారం కూడా తెలుసు. పట్టేంత జాగా ఉంది. పెన్ను మూత తీశాను కూడా. పక్కన ప్రెసిడెంటు గారు లేకుండా ఆయన సంతకం కింద తేదీ వేయడం నాకు బాగా అనిపించలేదు. పైగా ఆ ఖాళీని చూస్తుంటే, మెట్టు మీద కూర్చుని, ఒక చేత్తో బొండం, ఇంకో చేత్తో పెన్ను పట్టుకుని, జీవితంలో ఒకే ఒక్కసారి తేదీ సంగతి మరిచిపోయిన ఆ ముప్పై ఏళ్ళ అమ్మాయి కనిపించింది. ఆ అమ్మాయి మీద ఫిర్యాదు రాయబుద్ధి కాలేదు. జాబితాలో "41వ పేజీ, సరిగా ఉన్నది" అని రాసి, పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను.